రాగం తియ్యని పద్యం

మళ్లీ వాయిదా అట. మూడోసారి. మొదలు వానలన్నరు, తర్వాత హాలు దొరకలేదన్నరు, ఇప్పుడేమో 'అనివార్య కారణాల వల్ల' అని ఫోన్ల పెట్టిండ్రు, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ చేతులు చూస్తె నాకు ఒళ్లు మండింది. ఖమ్మంల నాటకాలంటె ప్రాణమిడిచేటోళ్లం కొంతమందిమి కలిసి వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టుకున్నం, అందరం అరవై దాటినోళ్లమే. 'చంద్రమేరు విజయం' అనే పాత పద్యనాటకాన్ని కొత్త పాటలు, కొత్త సెట్టింగులు పెట్టి సంగీత నాటకం చేసి తెస్తున్నరని, చంద్రమేరు రాజు వేషం ప్రభాకర్ గారు కడుతున్నరని ఎండాకాలం నుంచి ఊరిస్తున్నరు. గ్రూపుల ఒకాయన, ప్రభాకర్ గారికి గొంతు బాగలేదట అంటడు. ఇంకొకాయన, గొంతు కాదు, బెజవాడల ఇంకో ప్రోగ్రాం ఒప్పుకున్నడు అంటడు. ఒకామె రోజు పొద్దుగాల ఆయన ఫోటో చుట్టు పూలు పెట్టి పంపుతది. రిటైరైన టీచరమ్మవు, మెట్లెక్కాలంటె మోకాళ్లు పట్టుకుంటవు, ఒక్క నాటకానికి ఇంత గింజుకునుడేంది అని మా ఆయన నవ్వుతడు. ఆయనకు నేను చెప్పలే. నాకు నాటకం మొత్తం అక్కరలేదు. ఆఖరి పద్యంల ఆఖరి మాట ఒక్కటి ఎట్లంటడో వినాలె. యాభై మూడేండ్ల కింద మా అమ్మ ఆ మాట గురించి చెప్పింది నిజమా, కాదా, అది తేలాలె. అదే నా బాధ.

అప్పుడు మేం పాల్వంచల క్వార్టర్లల ఉండేటోళ్లం. నాయనది కరెంటు ప్లాంటుల షిఫ్టు డ్యూటీ. మా ఇండ్లల్ల గడియారం కంటె సైరనే పెద్ద. సైరన్ మోగితె పొయ్యి ముట్టించాలె, సైరన్ మోగితె పొయ్యి ఆర్పాలె. నాయన నైట్ చేసి వచ్చి పండుకున్ననాడు మేం పిల్లలం గుసగుసలతోనే కొట్లాడుకునేటోళ్లం, గిన్నెకు గరిటె తగిలినా అమ్మ కండ్లు పెద్దగ చేసి చూసేది. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి సన్నగ బూడిద పడేది, అందుకని అమ్మ తెల్లబట్టలన్ని తిరగేసి ఆరేసేది. నాయన అంగీకి నూనె వాసన, బొగ్గు వాసన. ఎన్నిసార్లు బండకేసి కొట్టినా పోయేది కాదు. కిన్నెరసాని చేపలు వచ్చిననాడు మాత్రం మా క్వార్టర్ల లైను మొత్తం ఒకటే పులుసు వాసన, ఎవరింట్ల ఉప్పు ఎక్కువైందో కూడ వాసనతోనే చెప్పొచ్చని నాయన అనేటోడు. ఇప్పుడు మా అపార్ట్‌మెంటుల ఎదురింట్ల ఏం వండుకుంటరో నాకు తెలవదు, వాళ్ల పేరు కూడ బోర్డు చూసి చెప్పాలె.

అమ్మకు చదువు రాదు. గోడ క్యాలెండర్ల నాయన పెన్సిలుతోని రాసే ఎ, బి, సి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వచ్చు. ఎ అంటె పొద్దుగాల ఆరుకు పోవుడు, బి అంటె మధ్యాహ్నం రెండుకు, సి అంటె రాత్రి పదికి. ఇక్కడ ఒక మతలబు ఉంది, అది తెలిస్తెనే మిగిలిన కత అర్థమైతది. ప్లాంటు లెక్కల కొత్త దినం రాత్రి పదింటికే మొదలైతది. శుక్రవారం రాత్రి పదికి డ్యూటీ ఎక్కితె అది శుక్రవారం నైట్ కాదు, శనివారం నైట్. హాజరు శనివారం కిందనే పడేది. అందుకే శనివారం గడిల సి ఉంటె అమ్మ శుక్రవారం పొద్దూకంగనే టిఫిన్ కట్టేది. కొత్తగ కాపురానికొచ్చిన ఆడోళ్లు ఒకటి రెండు సార్లు తప్పు పడి మొగుళ్లతోని తిట్లు తినేటోళ్లు, తర్వాత వాళ్ల నోటికి కూడ అదే అలవాటయ్యేది. మా కాలనీల ఎవరన్న 'శనివారం రాత్రి' అన్నరంటె అది బయటోళ్లకు శుక్రవారం రాత్రి. పండుగలకు, పెండ్లిండ్లకు చుట్టాలతోని ఎన్ని తకరార్లు వచ్చినయో. అయినా మాకెవరికీ అది వింతగ తోచలే.

అమ్మది భద్రాచలం రోడ్డు మీద అడవి అంచు పల్లె. చిన్నప్పుడు ఊరికొచ్చిన నాటకాలన్ని చూసిందట. చెవిల ఒక్కసారి పడితె చాలు, పద్యం మొత్తం పట్టేసేది. బియ్యం చెరుక్కుంట, చాటతోనే తాళం వేసుకుంట సన్నగ పాడేది, వాకిట్ల ఎవరన్న అడుగు పెడితె ఆపేసేది. అడవి పల్లెలనుంచి విస్తర్లు కుట్టే అడ్డాకులు, ఇప్పపువ్వు తెచ్చి అమ్మే జోగమ్మ ఒక్కతి వస్తె మాత్రం ఆపేది కాదు. జోగమ్మ గంప దించి, చెంబెడు నీళ్లు తాగి, "ఒకటి పాడక్కా, కాళ్లు గుంజుతున్నయి" అనేది. అమ్మ పాడుతుంటె ఆమె కండ్లు మూసుకొని గోడకానుకునేది. ఆ ఇప్పపువ్వు తియ్య వాసన, అమ్మ గొంతు, రెండు నాకు ఇప్పటికీ విడిపోవు.

నాయనకేమో గొంతు లేదు, రాగాల మీద అభిప్రాయాలు మాత్రం మస్తుగ ఉండె. నాయన, పక్క క్వార్టరు ముత్తయ్య బాబాయి, ఇంకో నలుగురు ప్లాంటోళ్లు కలిస్తె అదొక జట్టు, అమ్మ వాళ్లకు 'తందనాన బ్యాచి' అని పేరు పెట్టింది. ముత్తయ్య బాబాయిది సత్తుపల్లి దిక్కు పెనుబల్లి, మాట కొంచెం మెత్తగ, ఆంధ్రా తీరుగ ఉండేది. చుట్టుపక్కల ఎక్కడ నాటకమున్నా ఈ ఆరుగురు సైకిళ్ల మీద పోయేటోళ్లు. ఖమ్మం అవతల ముదిగొండ దాక కూడ పోయి, లారీ ఎక్కి వచ్చి, డ్యూటీల నిలబడి కునుకు తీసిన మనుషులు. వచ్చినంక వారం రోజులు మా అరుగు మీద అదే ముచ్చట. ఫలానాయన ఎత్తుగడ తప్పిండు, ఫలానాయన రాగం మధ్యల ఊపిరి తీసుకున్నడు. అమ్మ లోపల చాయ కాస్తూ వినేది. తప్పు చెప్తున్నరని ఆమెకు తెలిసినా బయటికి వచ్చి అనేది కాదు.

అసొంటి బ్యాచికి కొత్త నాటకం వస్తుందని తెలిసింది. పాత నాటకాలు ఎన్నిసార్లు చూసినా చూసిందే కదా, ఇది ఎవరూ చూడంది. 'చంద్రమేరు విజయం', రాజు వేషం సుందరేశ్వర్రావు గారు. ఆ పేరు చెప్పంగనే ముత్తయ్య బాబాయి కూసున్నకాడ నుంచి లేచి నిలబడ్డడు. సుందరేశ్వర్రావు గారు రాగం ఎత్తితె బయట పోయేటోళ్లు సైకిల్ దిగుతరని చెప్పుకునేటోళ్లు. మా బ్యాచిల ఎవరూ ఆయనను ఎదురుంగ చూడలే, ఒకసారి రేడియోల విన్నరు, అది కూడ సగం గరగర. నాటకం ఇంక ఆరు నెలలుందనంగ పద్యాల చిన్న పుస్తకమొకటి బెజవాడ నుంచి తెప్పించుకున్నరు. గులాబీ రంగు అట్ట. చేతులు మారి మారి ఆ అట్టకు ప్లాంటు నూనె మరకలు పడ్డయి. ఆరుగురు అన్ని పద్యాలు కంఠతా పట్టిండ్రు. ఏ పద్యానికి ఏ రాగం కడుతడో, ఎంతసేపు నిలబెడుతడో ముందే తేల్చుకున్నరు. నవ్వొచ్చేదేందంటె వన్స్‌మోర్లకు కూడ డ్యూటీలు వేసుకున్నరు. పద్యం అయిపోంగనే జనంల నుంచి 'వన్స్‌మోర్' అని అరిస్తె నటుడు మళ్లీ పాడాలె, అది అప్పటి రివాజు. మొదటి అంకం ముత్తయ్య బాబాయి కుడి దిక్కు నుంచి అరవాలె, రెండో అంకం నాయన ముందు నుంచి, మధ్యల గొంతులకు రెస్టు. ఆఖరి పద్యానికి మాత్రం ఆరుగురు ఒకేసారి. కాయితం మీద రాసుకున్నరు, ఎ, బి, సి అని.

ఆ ఆఖరి పద్యం నాయన సొంతం చేసుకున్నడు. కతల చంద్రమేరు రాజు యుద్ధం గెలుస్తడు, గాని కొడుకు ఆ యుద్ధంలనే పడిపోతడు. కొడుకును ఒళ్లె పెట్టుకొని కూసున్న రాజు కాడికి మంత్రి వచ్చి, మనం గెలిచినం ప్రభూ అంటడు. అప్పుడు రాజు పద్యం అందుకుంటడు, నాలుగో పాదం 'గెలిచితి' అనే మాట మీద ఆగుతది. ఆ 'తి' మీద సుందరేశ్వర్రావు గారు ఎట్ల రాగం తీస్తడో నాయనకు ఖరారుగ తెలుసు. మొదలు కింద నుంచి ఎత్తుతడు, మధ్యల ఒక మెలిక, మళ్లీ మీదికి, అక్కడ నిలబెట్టి వదులుతడు. స్నానం చేసుకుంట అదే, సైకిల్ తుడుసుకుంట అదే. 'గెలిచితీ' అని ఎత్తి, మీద అందక దగ్గి, మళ్లీ ఎత్తేటోడు. ఆరు నెలలు మా ఇంట్ల చంద్రమేరు రాజు రోజు గెలిచిండు.

నాటకం పాల్వంచలనే, స్కూలు గ్రౌండుల. గోడల మీద కాయితాలు పడ్డయి, 'శనివారం రాత్రి' అని. ఇగ చూస్కోండి. బ్యాచి మొత్తానికి ఆ వారం నైట్ షిఫ్టు. నాయన క్యాలెండర్ల శనివారం గడి చూసిండు, సి ఉంది. ఉరికి ఉరికి ఇంకో షిఫ్టు మనిషిని పట్టుకొని, "నా శనివారం నైట్ నువ్వు చెయ్యి, నీ ఆదివారం నైట్ నేను చేస్త" అని మార్చుకున్నడు. బ్యాచిల ఆరుగురు గట్లనే మార్చుకున్నరు. ఒక్కరికంటె ఒక్కరికి కూడ అనుమానం రాలే. అమ్మకు రాలే, నాకు రాలే, లైనుల ఎవరికీ రాలే. ఆ కాయితం అచ్చేసింది ప్లాంటోళ్లు కాదు, బయటి మనుషులు, వాళ్ల శనివారం వేరు అని ఎవరికన్న తట్టాలె కదా.

శుక్రవారం పొద్దూకంగనే మేమంత చాపలు, దుప్పట్లు, మరమరాలు, నీళ్ల బిందెలు పట్టుకొని స్కూలు గ్రౌండుకు పోయినం. మా లైను నుంచే పది పన్నెండు ఇండ్లోళ్లు. నాయన ఇస్త్రీ అంగీ వేసుకున్నడు, ముత్తయ్య బాబాయి గొంతు కోసం మిరియాలు నమిలి నమిలి నోరు కాలి ఊదుకుంటున్నడు. గ్రౌండుల నాలుగు మేకలు, కర్రలు పాతనీకి తవ్విన గుంతలు, టెంటాయన ఒక్కడు బీడి కాల్చుకుంట కూసున్నడు. మమ్ములను చూసి ఆయన లేచిండు. "ఏందన్నా, పెండ్లికి గిట్ల పోతున్నరా" అన్నడు. నాటకం అన్నరు. ఆయన గోడ మీది కాయితం చూపెట్టి, "శనివారం. అంటె రేపు" అన్నడు. నాయన అక్కడనే మట్టిల కూసున్నడు. ఊకె ఉన్నా సరిపోయేది. అసలు డ్యూటీ ప్రకారం బయటోళ్ల శనివారం రాత్రి, అంటె మా లెక్కల ఆదివారం నైట్, ఆయనకు ఆఫే. చేతులార పోయి, ఉన్న ఆఫు ఇచ్చేసి, నాటకమున్న రాత్రే డ్యూటీ తెచ్చుకున్నడు. మార్చుకున్నోళ్లు ఆ నైట్ చేసి తెల్లారంగనే ఊర్లకు పోయేటోళ్లు, ఇగ మళ్లీ మార్చుడు కుదరదు. అర్జీ పెడితె ఆరుగురికి ఒకేసారి ఎవరిస్తరు సెలవు. ఇంటికొచ్చేదాక దారి పొడుగునా ఒకరి మీద ఒకరు పెట్టుకున్నరు. ముందు నువ్వే అన్నవు శనివారం నైట్ అని, నేను కాదు నువ్వే అన్నవు అని.

శనివారం సాయంత్రం డ్యూటీకి పోయే ముందు నాయన అమ్మను పిలిచి ఎదురుంగ కూసోబెట్టిండు. నాయన ఆమెతోని అంత మెత్తగ మాట్లాడుడు నేను అంతకు ముందు చూడలే. "నువ్వు పో. పిల్లను తీస్కపో. నీకు చెవిల పడితె మర్చిపోవు. ప్రతి పద్యం ఎట్ల పాడిండో గుర్తు పెట్టుకొని వచ్చి మాకు చెప్పాలె. ఆఖరిది మాత్రం ఒక్క మెలిక కూడ పోవద్దు" అన్నడు. అమ్మ సరే అన్నది. పెట్టెలనుంచి కొత్త చీరె తీసి కట్టుకున్నది. ఒక పని మీద, అది కూడ పద్యం పని మీద, నాయన తనను పంపుడు ఆమెకు ఎంత గొప్పగ అనిపించిందో నాకు ఇప్పుడు తెలుస్తంది. పోయేటప్పుడు దారిల ఒక్క మాట మాట్లాడలే, పరీక్షకు పోయేటోళ్ల లెక్క.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. నాకు గుర్తున్నది లైట్ల కింద మెరిసే కిరీటం, పౌడరు వాసన, నా ఎడమ దిక్కు జోగమ్మ. ఆమె కూడ నాటకం కోసం ఊరికి పోకుంట ఆగింది. సుందరేశ్వర్రావు గారి గొంతు లేవంగనే అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకున్నది. రెండో అంకం దాక చూసిన. తర్వాత అమ్మ ఒళ్లె తల పెట్టిన, ఇగ ఏం తెలవదు. కండ్లు తెరిచేసరికి తెల్లారింది, ఇంట్ల ఉన్న.

పొద్దుగాల షిఫ్టు దిగి బ్యాచి మొత్తం సీద మా అరుగు మీదికే వచ్చింది. ఎవరూ ఇండ్లకు పోలే, మొఖాలు కూడ కడుగలే. అమ్మ చాయ ఇచ్చి గడప కాడ కూసున్నది. మొగోళ్లంత ఆమె దిక్కు తిరిగి కూసొని, ఆమె మాట కోసం ఎదురుచూసుడు నేను అదే మొదలు, అదే ఆఖరు చూసుడు.

"ఇగ చెప్పు, మొదటి నుంచి" అన్నడు నాయన.

అమ్మ చెప్పింది. పద్యం పద్యం పాడి చూపెట్టింది. దర్బారు పద్యం పాడంగనే ముత్తయ్య బాబాయి తొడ చరుచుకున్నడు. "ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయి వదినా?" అన్నడు.

"మూడు."

"మేముంటే ఆరు పడేవి" అని ఆయన నెత్తి కొట్టుకున్నడు. అందరు నవ్విండ్రు. అమ్మ గొంతు కూడ విప్పుకున్నది, అంత బయటికి, అంత ధైర్యంగ పాడుడు నేను మళ్లీ వినలే. గట్ల గట్ల ఆఖరి పద్యం కాడికి వచ్చింది. నాలుగో పాదం దాక పాడి, ఆగి, 'గెలిచితి' అని మామూలుగ అన్నది. మాట్లాడినట్టు.

నాయన చూస్తనే ఉన్నడు. "రాగం?"

"తియ్యలే."

"తియ్యలే అంటె? చిన్నగ తీసిండా?"

"అసలే తియ్యలే. ఆ మాట కాడ పాట ఆపి, ఊకె అన్నడు. హార్మోనియం కూడ ఆపిండ్రు."

"మరి వన్స్‌మోర్?"

"ఎవ్వరు అడగలే. ఎవ్వరు సప్పుడే చెయ్యలే. అట్లనే కూసున్నం అందరం."

బ్యాచిల ఎవరో కిసుక్కున నవ్విండ్రు. నాయన మొఖం మారింది. "నాటకం పేరే విజయం. సుందరేశ్వర్రావంత మనిషి ఆఖరి పద్యానికి రాగం తియ్యకుంట దిగుతడా? నీకు కునుకు పట్టింది" అన్నడు.

"కొడుకు ఒళ్లె సచ్చి పడి ఉంటె ఎవడన్న రాగం తీస్తడా" అన్నది అమ్మ. కోపంగ కాదు, వాళ్లకు అర్థం కాలేదేమో అన్నట్టు అన్నది. "కావాలంటె జోగమ్మను అడుగుండ్రి, నా పక్కనే ఉన్నది."

దాంతోని ఇంక నవ్విండ్రు. ఆకులమ్మే జోగమ్మకు పద్యం సంగతి ఏం తెలుసు అన్నరు. ముత్తయ్య బాబాయి, "పోనీలే వదినా, రాత్రంతా కూసునేసరికి ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి" అన్నడు. అప్పుడు నాయన నా దిక్కు తిరిగిండు. "సుగుణా, నువ్వు విన్నవా బిడ్డా, ఆఖరి పద్యం?" నేను నిజం చెప్పిన. నిద్రపోయిన అన్న. "చూసిండ్రా, తల్లీ బిడ్డా ఇద్దరు గుర్రుపెట్టి పన్నరు" అన్నడు నాయన. నేను నా ఒక్కదాని గురించి చెప్పిన మాట, అమ్మ మీద సాక్ష్యమై కూసున్నది. అమ్మ చాయ గ్లాసులు ఏరుకొని లోపలికి పోయింది.

వాళ్లంత పోయినంక, నాయన పండుకున్నంక, ఆమె పెరట్ల నన్ను కూసోబెట్టుకొని ఆ పద్యం మళ్లీ పాడింది. గొంతు తగ్గించి, మొత్తం. ఆఖరి మాట కాడ ఆగి, నా మొఖంల చూసి అన్నది. ఒళ్లు జల్లుమన్నది నాకు. "గిట్లనే అన్నడు. నువ్వన్న నమ్ము" అన్నది. నేను తలూపిన. అంతే, ఆ తర్వాత ఆమె పాడుడు నేను వినలే. చెరిగేటప్పుడు చాట సప్పుడే ఉండేది. జోగమ్మ ఆకులు తెచ్చి అడిగినా, గొంతు బాగలేదు అనేది. లైనోళ్లు కొన్నాళ్లు 'రాగం లేని పద్యం' అని ఆమెకు పేరు కూడ పెట్టిండ్రు, నీళ్ల పంపు కాడ ఆడోళ్లు కూడ అనేటోళ్లు. నాయనేమో ఎవరింట్ల ఫంక్షనైనా ఆఖరి పద్యం అందుకునేటోడు. 'గెలిచితీ' అని ఎత్తేటోడు, అందరు చప్పట్లు. సుందరేశ్వర్రావు గారు పాల్వంచల గిట్లనే పాడిండు అని కూడ చెప్పుకునేటోడు, ఆయన అక్కడ లేని సంగతి మరిచిపోయి. అమ్మ అప్పుడు లేచి వంటింట్లకు పోయేది. అమ్మ మాట నమ్మినా, నేను కూడ ఏనాడు నోరు విప్పలే. పిల్లప్పుడు భయం అనుకుందాం. పెద్దయినంక ఏమైంది నాకు? నాయన పోయిండు, కొన్నేండ్లకు అమ్మ పోయింది. ఇంట్ల ఆ మాట మళ్లీ రాలే.

ఇగ ఇప్పటి సంగతి. నాలుగోసారి తారీఖు మార్చినంక నాటకం నిజంగనే పడ్డది. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించిండ్రు. వెనుక గోడ మీద గుర్రాలు ఉరుకుతయి, పొగ వస్తది. ప్రభాకర్ గారు బుగ్గకు మైకు అంటించుకొని వచ్చిండు, మా గ్రూపోళ్లంత ఫోన్లు పైకి లేపి తీసుడే, కండ్లతోని చూసినోళ్లెవరు. హార్మోనియం లేదు, అన్ని ముందే రికార్డు చేసిన వాయిద్యాలు. ఒక పద్యం నిజంగ బాగ పాడిండు, నా పక్క ముసలాయన అలవాటుకొద్ది 'వన్స్‌మోర్' అన్నడు. ముందు కూసున్న పిల్లలు తిరిగి చూసి నవ్విండ్రు. వాయిద్యం ముందుకు పోతుంటె ఆయన ఎట్ల ఆగుతడు, ఎట్ల మళ్లీ పాడుతడు. నాకు మా బ్యాచి గుర్తొచ్చింది, ఆ డ్యూటీ కాయితం గుర్తొచ్చింది. ఎంత కోపమున్నా, అట్ల ఎదురుచూసే మనుషులు ఇప్పుడు లేరనిపించింది. ఆఖరి పద్యం వచ్చింది. నేను కుర్చీ అంచుకొచ్చి కూసున్న. 'గెలిచితీ' అని ఆయన ఎత్తిండు, హాలు దద్దరిల్లేటట్టు, వెనుక నుంచి పదిమంది కోరస్. అచ్చం నాయన చెప్పిన తీరే. జనం లేచి నిలబడి కొట్టిండ్రు చప్పట్లు. నేను లేవలే. అంటె ఆ రాత్రి అమ్మ తప్పే విన్నదా?

మనసొప్పలే. గుంపు తగ్గినదాక ఆగి, వెనుక మేకప్ గదిలకు పోయిన. ప్రభాకర్ గారు మీసం ఊడదీసుకుంటున్నడు, దగ్గరి నుంచి చూస్తె ఆయనా అరవై మనిషే. సుందరేశ్వర్రావు గారి శిష్యుడని విన్న, ఒక్క మాట అడగాలె అన్న. కూర్చోండమ్మా అన్నడు. ఆఖరి మాట మీ గురువుగారు కూడ గిట్లనే రాగం తీసేటోడా అని అడిగిన.

ఆయన అద్దంల నుంచి నన్ను చూసిండు. "మీరు ఆ రోజుల్లో చూశారా అమ్మా?"

"మా అమ్మ చూసింది."

"అయితే ఆవిడకి తెలిసే ఉంటుంది. గురువుగారు అక్కడ రాగం తీసేవారు కాదమ్మా. మాటలాగా అనేసి ఊరుకునేవారు. మొదటి ప్రదర్శన నుంచీ అంతేనట. ఎందుకండీ అని అడిగితే, 'అక్కడ రాగం తీస్తే నేను కనపడతాన్రా, రాజు కనపడడు' అన్నారు. నాకూ అలాగే చెయ్యాలని ఉంటుంది. ఇప్పుడు జనం ఊరుకోరని ట్రాక్‌లోనే రాగం పెట్టించారు."

దండం పెట్టి బయటికొచ్చి ఆటో ఎక్కి, ఇల్లు చేరేదాక ఏడ్చిన. ఎవరికి చెప్పాలె? చెప్పాల్సినోళ్లు ఇద్దరు లేరు. బ్యాచిల మిగిలింది ఒక్క ముత్తయ్య బాబాయే, తొంభైకి దగ్గర పడ్డడు, పెనుబల్లిల కొడుకు కాడ ఉంటడు. ఆయనకన్న చెప్పి, ఆయన నోటితోని మా వదిన మాటే నిజం అనిపించాలె అనుకున్న. మర్నాడే సత్తుపల్లి బస్సెక్కిన.

బాబాయి అరుగు మీద నులక మంచంల కూసొని ఉన్నడు. మనిషి సన్నబడ్డడు, చెవులు మాత్రం బాగనే ఉన్నయి. ఆయన కోడలు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. నేను ఆగలేక మొత్తం ఒక్క ఊపిరిల చెప్పిన. ప్రభాకర్ గారు అన్న మాట అన్నట్టు చెప్పిన. ఆయన ఆశ్చర్యపడుతడనుకున్న. ఆయన తల కిందికి వేసుకొని కూసున్నడు.

"మాకు తెలుసమ్మా" అన్నడు.

"ఏం తెలుసు బాబాయి?"

"ఆ మధ్యాహ్నమే తెలిసింది. నేనూ మీ నాన్నా నిద్దర పట్టక బస్టాండు దాకా పోయాం, నాటకం వాళ్ల బస్సు ఉంటుందేమో, సుందరేశ్వర్రావు గారిని ఒక్కసారి చూద్దామని. ఆయన కారులో ముందే పోయాడు. హార్మోనియం ఆయన దొరికాడు. మీ నాన్నే అడిగాడు. రాగం లేదండీ అక్కడ, నన్ను కూడా ఆపేయమన్నారు అన్నాడు ఆయన."

మజ్జిగ గ్లాసు నా చేతులనే ఉంది. "మరి అమ్మకు చెప్పలేదేంది?"

"చెబుదామనే అన్నాను. ఇంట్లో అనొద్దు అన్నాడు మీ నాన్న. ఆరు నెలలు కూసున్నాం తల్లీ దాని కోసం, నిద్దర్లు మానుకుని. మేమెవరం వినలేదు. మీ అమ్మ ఒక్కరోజు పోయి వినొచ్చింది. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటే ఏళ్లు పోయాయి. తర్వాత చెప్పినా బాగుండదు అనిపించింది."

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలె, ఈ ముసలి మనిషి మీదనా. ఏళ్లు పోయాయి అంటున్నడు. ఆ ఏండ్లన్ని మా ఇంట్లనే పోయినయి, మా వంటింట్ల. ఆమె నిద్రపోలేదని తెలిసి కూడ నాయన ఫంక్షన్లల్ల గొంతెత్తి పాడిండు. ఆమె లేచి పోతుంటె చూసుకుంట పాడిండు. నాకు నాయన మీద ప్రేమ లేదని కాదు, ఆయన బొగ్గు వాసన ఇప్పటికీ తలుచుకుంట. గాని ఈ ఒక్కటి నేను ఆయనకు ఇడిసిపెట్టలేను.

బాబాయి చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకున్నడు. "మీ అమ్మ ఆ రోజు పాడింది గానీ, మేం నవ్వుకుంటూ సరిగ్గా వినలేదు. ఆ మాట ఎట్లా అన్నాడో, ఎక్కడ ఆగాడో, ఇన్నేళ్లుగా నాకు అదే. నీకు వచ్చా అమ్మా? వస్తే ఒక్కసారి అను. పోయేలోపు వింటాను."

అడిగేది ఊకె అడుగుడు కాదు, కండ్లు నా నోటి మీదనే ఉన్నయి. నాకు వచ్చు. ఎక్కడ ఆగాలె, ఎంతసేపు ఆగాలె, ఆ మాట ఎంత మెల్లగ అనాలె, అన్నీ వచ్చు.

"రాదు బాబాయి" అని, గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకున్న.